ఏడు తెలుపుల ఇల్లు: తక్కువ ఖర్చులో ఇల్లంతా ఒక తీరుకి తెచ్చుకోవడం

మా ఇంట్లో ఒకప్పుడు ఏడు రకాల తెలుపులు ఉండేవి. గోడలది ఒకటి, సీలింగ్‌ది ఒకటి. తలుపులది మీగడ రంగు. కర్టెన్లలో కాస్త నీలం. పుస్తకాల షెల్ఫు మెరిసే తెలుపు, స్విచ్ బోర్డులు ఎండకి పసుపెక్కిన తెలుపు, ఇక ఫ్రిజ్ సంగతి సరేసరి. లెక్కపెట్టింది మా అమ్మాయి. జ్వరమొచ్చి రోజంతా హాల్లో సోఫా మీద పడుకుని, ఏమీ తోచక గోడలు చూస్తూ, "అమ్మా, మనింట్లో తెలుపులే ఏడున్నాయి తెలుసా?" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఒక్కో వస్తువూ నేను ఎంతో ఆలోచించి కొన్నదే. వచ్చినవాళ్లు దీపం బాగుందనేవారు, కుషన్లు బాగున్నాయనేవారు. ఇల్లు బాగుందని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు, నెలకి కొంచెం చొప్పున, ఇల్లంతా సరిచేసుకుంటూ వచ్చాను. చేసిన తప్పులతో సహా ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మీరు మార్చలేని వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. నేల, వంటగది గట్టు, బాత్రూమ్ టైల్స్, కిటికీ ఫ్రేములు. అద్దె ఇల్లయితే గోడల రంగు కూడా. కొత్తగా తెచ్చేదేదైనా వీటితో సర్దుకుపోవాల్సిందే. వీటిలో నేలది పెద్దపీట, ఎందుకంటే అన్ని గదుల్లోనూ ఉండేది అదొక్కటే.

నేల అసలు రంగు ఏమిటో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పగటి వెలుతురులో, లైట్లన్నీ ఆర్పేసి, ఒక తెల్ల కాగితాన్ని నేల మీద పరిచి చూడండి. మా నేల బూడిద రంగు అనుకుంటూ ఎన్నో ఏళ్లుగా తుడుస్తున్నాను. కాగితం పక్కన పెట్టగానే దాన్లోని గులాబీ ఛాయ బయటపడింది. నీలం కలిసిన బూడిద రంగు సోఫా కవరు దాని మీద ఎప్పుడూ మాసినట్టే ఎందుకు కనిపించేదో అప్పుడర్థమైంది. ఎన్నిసార్లు ఉతికానో పాపం ఆ కవరుని! ఇదే కాగితాన్ని తలుపుల పక్కన, టైల్స్ పక్కన, పాత కర్టెన్ల పక్కన కూడా పెట్టి చూడండి. ప్రతి తెలుపులోనూ, ప్రతి బూడిద రంగులోనూ కొంత పసుపో, గులాబీయో, నీలమో, పచ్చో దాగి ఉంటుంది. గదులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి చాలాసార్లు ఈ దాగిన ఛాయలే కారణం.

తర్వాత ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. హాల్లో కూర్చుంటే వంటగదిలో ఏ మూల కనిపిస్తుంది, పడకగది తలుపు తెరిస్తే ముందుగా కంటపడేదేమిటి అన్నది ఫొటోలో స్పష్టంగా తెలుస్తుంది. రోజూ చూసే ఇంటిని మన కళ్లు చూడటం మానేస్తాయి, ఫోన్ మానదు. ఒక గదిలోంచి ఇంకో గదిలో కనిపించే ఆ ముక్కల్ని సరిచేస్తే సగం పని అయిపోతుంది. కనిపించని మూలలకి తొందరేం లేదు. అవే ఫొటోల్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది తేలిపోతుంది. మా హాలు మొత్తం ఒకే మధ్యస్థపు బూడిదలా వచ్చింది. మధ్యలో టీవీ ఒక్కటే నల్లటి గొయ్యిలా ఉంది. టీవీ పక్కన నల్ల ఇనుప కాళ్లున్న ఒక చిన్న బల్ల, ఎదురు గోడకి రెండు నల్ల ఫ్రేములు చేరాక ఆ గొయ్యి కనిపించడం మానేసింది. ఆ బల్ల అప్పటిదాకా బాల్కనీలో బట్టల క్లిప్పుల బుట్ట మోస్తూ ఉండేది.

ఇక ఒక నెల ఏమీ కొనకండి. నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది. ఆ నెలలో చేయాల్సింది ఏమిటంటే, అన్ని గదుల షెల్ఫులూ, అరలూ ఖాళీ చేసి అలంకరణ వస్తువులన్నీ ఒకే మంచం మీద పోయడం. గదులవారీగా కాకుండా రంగులవారీగా గుట్టలు పెట్టడం. మూడు గదుల్లో ఒంటరిగా వేలాడుతున్న మూడు చెక్క ఫ్రేములు ఒకే కుటుంబమని నాకు ఆ మంచం మీదే తెలిసింది. ఏ గుట్టలోనూ చేరనివి అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, మీద తేదీ రాశాను. ఆరు నెలల్లో ఆ పెట్టె జోలికి ఎవరూ వెళ్లలేదు. ఇచ్చేశాను.

కొనకుండా ఆగమనడానికి ఇంకో కారణం ఉంది. డిదెరో అని 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయితకి ఎవరో ఇంట్లో బట్టల మీద తొడుక్కునే కొత్త ఎర్రటి గౌను బహుమతిగా ఇచ్చారు. అది తొడుక్కున్నాక గదిలోని గడ్డి కుర్చీ వెలవెలబోయినట్టు అనిపించి తోలు కుర్చీ వచ్చింది, పాత బల్ల పోయి ఖరీదైన బల్ల వచ్చింది. చివరికి ఆయన పాత గౌనునే తలుచుకుని బాధపడుతూ ఒక వ్యాసం రాశాడు. గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1988లో దీనికి 'డిదెరో ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. నా విషయంలో ఆ ఎర్ర గౌను ఒక ఆకుపచ్చ కుర్చీ. దాని వెంట ఏమేం వచ్చాయో మా ఆయన ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు.

నెల గడిచాక ఇంటికంతటికీ కలిపి ఐదే నిర్ణయాలు తీసుకోండి: ఒక గోడ రంగు, ఒక చెక్క ఛాయ, ఒక లోహం, రెండు బట్ట రంగులు. మావి: వెచ్చటి తెలుపు, ముదురు తేనె రంగు చెక్క, నల్ల ఇనుము, ముదురాకుపచ్చ, ఇటుక రంగు. అన్ని గదుల్లోనూ ఇవే తిరుగుతాయి, వాటి వాటా మాత్రం మారుతుంది. ఇంటీరియర్ డిజైన్ చేసేవాళ్లు 60-30-10 అని ఒక కొలత చెప్తారు. గదిలో అరవై వంతులు ఒక రంగు, ముప్పై ఇంకొకటి, మిగిలిన పది మెరుపు కోసం. మా హాల్లో ఆకుపచ్చది ముప్పై, ఇటుక రంగుది పది. పడకగదిలో ఇటుక రంగు దుప్పటిగా ముప్పైలోకి ఎక్కింది, ఆకుపచ్చ ఒక దిండుకీ దీపం గొడుగుకీ దిగింది. దీన్ని త్రాసులో తూచక్కర్లేదు. ఒక రంగు గదిలో కనీసం మూడు చోట్ల కనిపిస్తే చాలు, కావాలని పెట్టినట్టుంటుంది. ఒక్కచోటే ఉంటే ఎవరో మర్చిపోయి వెళ్లినట్టుంటుంది.

చెక్కల విషయంలో ఒక మాట. రెండు చెక్కలు ఒకేలా ఉండాలి, లేదా తేడా స్పష్టంగా తెలియాలి. దాదాపు ఒకటే అన్నట్టున్న రెండు ఛాయలు పక్కపక్కన ఉంటే సరిపోల్చబోయి తప్పినట్టు కనిపిస్తుంది.

రంగుని షాపులో విడిగా చూసి నిర్ణయించకండి. నేను బూడిద రంగు కుషన్ కవర్లు తెచ్చి ఇటుక రంగు దుప్పటి పక్కన పెడితే అవి పాచి పట్టినట్టు పచ్చగా కనిపించాయి. మార్చుకుందామని తీసుకెళ్తే అక్కడ మళ్లీ చక్కటి బూడిద రంగే! పారిస్‌లో చిత్రాల తివాచీలు నేసే గోబెలిన్స్ కార్ఖానాలో అద్దకం విభాగాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి కూడా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. నల్ల దారం రంగు సరిగా పట్టడం లేదన్నారు. ఆయన పరీక్షిస్తే నలుపులో లోపమేమీ లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగులు దాన్ని వెలిసిపోయినట్టు చూపిస్తున్నాయి. పక్క రంగు మన కంటిని ఎలా మార్చేస్తుందో వివరిస్తూ ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. మనకి కావాల్సింది అంత శాస్త్రం కాదు. సోఫా బట్ట అంచు నుంచి కత్తిరించిన చిన్న ముక్క, గోడ రంగు పూసిన అట్టముక్క, కర్టెన్ ముక్క ఒక రింగుకి గుచ్చి బ్యాగులో ఉంచుకుంటే చాలు. ఏది కొనాలన్నా దాని పక్కన పెట్టి, షాపు బయటికి తెచ్చి, పగటి వెలుతురులో చూడాలి. బయటికి తెస్తానంటే కొందరు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

ఇప్పుడు బల్బులు. రంగులకన్నా ముందు ఇవే మార్చండి, ఎందుకంటే గోడ రంగు రాత్రిపూట ఎలా ఉంటుందో నిర్ణయించేది ఇవే. మా ఇంట్లో హాల్లో ఒక బల్బు పసుపు, ఇంకోటి పాల తెలుపు, వంటగదిలో నీలం కొట్టే ట్యూబ్‌లైటు. ఎక్కడికక్కడ చవగ్గా దొరికింది తెచ్చి పెట్టినవే. ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పసుపు వెచ్చదనం, 4000 అంటే మధ్యస్థం, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. ఒకే చోట నిలబడితే కనిపించే లైట్లన్నీ ఒకే అంకెవి కావాలి. మేము హాలు, పడకగదులు, నడవ అన్నిటికీ 3000 పెట్టాం. వంటగదిలో కూరగాయలు తరిగే గట్టు మీద మాత్రం 4000. పెట్టె మీదే సీఆర్‌ఐ అని ఇంకో అంకె కూడా ఉంటుంది. అది 90 దాటితే ఎరుపులు, ఇటుక రంగులు, మన ముఖాలూ నిజమైన రంగులో కనిపిస్తాయి. పెట్టిన ఖర్చుకి ఇంత మార్పు చూపించింది మా ఇంట్లో ఇంకోటి లేదు. ఏడు తెలుపుల్లో రెండు ఆ రాత్రే కలిసిపోయాయి.

గోడల రంగుకి నేరుగా గోడ మీదే మరకలు వేసి పరీక్షించకండి. పెద్ద అట్టకి రెండు కోట్లు పూసి, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తెల్ల అంచు వదిలి, దాన్ని ఒక్కో గదిలో ఒక్కో గోడకి ఆనించి రెండు రోజులు చూడండి. తెల్ల అంచు ఉంటేనే పాత గోడ రంగు కంటిని మోసం చేయదు. ఎంత కొనాలో లెక్క సులువే. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదికి నాలుగు గోడలు కలిపి 42 చదరపు మీటర్లు. తలుపు, కిటికీకి నాలుగు తీసేస్తే 38. రెండు కోట్లకి 76. లీటరు సుమారు 10 చదరపు మీటర్లకి వస్తుందనుకుంటే 8 లీటర్లు చాలు. గోడ కొత్తదైతే, గరుకుగా ఉంటే ఇంకాస్త తాగుతుంది. ఒకటికన్నా ఎక్కువ డబ్బాలుంటే అన్నీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపేయండి, డబ్బాకీ డబ్బాకీ ఉండే చిన్న తేడా గోడ మధ్యలో బయటపడదు. మిగిలింది గట్టిగా మూత పెట్టి, ఏ గదిదో రాసి దాచండి. అన్ని గదులకీ ఒకే తెలుపు వేయడంలో ఉన్న లాభం ఇక్కడే తెలుస్తుంది, ఎక్కడ మరక పడినా ఒకే డబ్బా.

పాత ఫర్నిచర్‌కి రంగు వేయడం గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ఆ మెరిసే తెల్ల షెల్ఫు లామినేట్ అతికించినది. ఒక ఆదివారం ఉత్సాహంగా తడిగుడ్డతో తుడిచి, నేరుగా రెండు కోట్లు వేసేశాను. సాయంత్రానికి అద్భుతంగా ఉంది. మూడో రోజు పుస్తకం లాగుతుంటే గోరు తగిలింది. అంతే, గోరు కింద నుంచి రంగు పాల మీద మీగడలా లేచొచ్చింది. లాగిన కొద్దీ వచ్చింది. మా అమ్మాయి కూడా పక్కన కూర్చుని సరదాగా ఒలిచింది.

నున్నటి లామినేట్‌కి రంగు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండోసారి ఇలా చేశాను: సబ్బునీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు చచ్చేవరకు మాత్రమే రుద్ది, దుమ్ము తుడిచి, నున్నటి వాటికని అమ్మే బాండింగ్ ప్రైమర్ వేశాను. ఒక రాత్రి ఆరాక రంగు రెండు పల్చటి కోట్లు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువులు పెట్టకండి, లేకపోతే పుస్తకాలు అతుక్కుపోతాయి. అసలు చెక్కకైతే 120తో మొదలుపెట్టి 220తో ముగించొచ్చు. కానీ మంచి చెక్కకి రంగు వేసేముందు ఒక్కసారి ఆగండి. మా అత్తయ్య వాడిన కుర్చీకి కూడా బ్రష్ ఎత్తాను. ఆవిడ చూసి, "దాని జోలికెళ్లకమ్మా, తుడిచి నూనె పెట్టి చూడు" అన్నారు. నూనె పెడితే అడుగునుంచి తేనె రంగు తేలింది. ఇంటి చెక్క ఛాయని నిర్ణయించింది చివరికి ఆ కుర్చీయే.

కర్టెన్లకి ఖర్చు పెట్టండి. అంటే ఖరీదైన బట్ట కొనమని కాదు, సరిపడా బట్ట కొనమని. సాదా బట్ట ఎక్కువ కుచ్చులతో ఉంటే నిండుగా ఉంటుంది. ఖరీదైన బట్ట బిగువుగా లాగి కట్టినట్టుంటే దుప్పటి ఆరేసినట్టుంటుంది. కిటికీ 120 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే రాడ్ రెండు వైపులా 20 చొప్పున ఎక్కువగా, అంటే 160 ఉండాలి. బట్ట దానికి రెట్టింపు, 320. రాడ్‌ని ఫ్రేముకి 10-15 సెంటీమీటర్లు పైన బిగిస్తే కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది, పక్కకి జరిపినప్పుడు వెలుతురుకి అడ్డురాదు. కింది అంచు నేలకి ఒక సెంటీమీటరు పైన ఆగాలి. కాటన్ అయితే కుట్టించేముందు ఉతకండి. నేను ఉతకలేదు. మొదటి ఉతుకులోనే 220 సెంటీమీటర్ల పొడవులో ఏడు పోయాయి. నెలలపాటు మా హాలు పొట్టి ప్యాంటు వేసుకున్నట్టుండేది. ఆఖరికి కింద ఆకుపచ్చ పట్టీ వేయించాను. చూసినవాళ్లు డిజైన్ అనుకున్నారు, నేనూ కాదనలేదు. అన్ని గదులకీ ఒకే థాను నుంచి బట్ట తీసుకోండి, వేరే రోజు అద్దినదైతే రంగు తేడా వస్తుంది.

అల్మారాల హ్యాండిల్స్ మార్చడం స్క్రూడ్రైవర్ పని, ఒక సాయంత్రం చాలు. కొనేముందు హ్యాండిల్ పొడవు కాకుండా రెండు స్క్రూ రంధ్రాల నడుమ దూరం కొలవండి. చాలావరకు 96, 128, 160 మిల్లీమీటర్లు ఉంటుంది, అన్నీ 32 గుణిజాలే. అదే కొలతది తెస్తే కొత్త రంధ్రాలు వేయక్కర్లేదు. వంటగది, పడకగది, బాత్రూమ్ అన్నిటికీ ఒకే నల్ల హ్యాండిల్ పెట్టాం. బాత్రూమ్‌లో నేను చేసింది అంతే, దానితో పాటు తువ్వాళ్లు రెండు రంగులకి కుదించడం.

రగ్గు చిన్నదైతే గది ఇంకా చిన్నదవుతుంది. కొనేముందు నేల మీద కాగితపు టేపుతో కొలత గీసి రెండు రోజులు దాని మీదే నడవండి. సోఫా ముందు కాళ్లైనా దాని మీదికి రావాలి. బొమ్మలు వేలాడదీసేటప్పుడు ఫ్రేము మధ్యభాగం నేలకి 145 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా అన్ని గదుల్లోనూ పాటిస్తే, ఎందుకో తెలియకుండానే ఇల్లు కుదురుగా కనిపిస్తుంది. సోఫా పైన అయితే దాని వీపు నుంచి ఒక జానెడు లోపే ఉండాలి.

సెకండ్ హ్యాండ్ వస్తువులు చూడటానికి వెళ్తే బల్లని రెండు చేతులా పట్టుకుని ఊపండి. కీళ్లు వదులైతే బిగించుకోవచ్చు, కాళ్ల అడుగున పొట్టు చెక్క నీళ్లకి ఉబ్బితే వదిలేయండి. సొరుగు మొత్తం బయటికి లాగి మూలలు చూడండి. చెక్కలో చెక్క దూరిన కీళ్లుంటే రంగు ఎంత వెలిసినా తీసుకోవచ్చు. బట్ట, స్పాంజి ఉన్నవైతే కుట్ల మధ్య నల్లి మచ్చలు వెతకకుండా ఇంట్లోకి రానివ్వకండి.

డబ్బు విషయంలో నేను పాటించిన వరస ఇది: బల్బులు, గోడలు, హ్యాండిల్స్, కర్టెన్లు. ఆ తర్వాతే రగ్గు. సోఫా అన్నిటికన్నా చివర, అది కూడా కవరే మార్చాను. అనుకున్న మొత్తంలో పదో వంతు పక్కన పెట్టండి. మేకులు, టేపు, బ్రష్‌లు, నాలాగా ఒలిచేసిన షెల్ఫుకి మళ్లీ కొనాల్సిన రంగు, అన్నీ దాన్లోంచే.

మిగిలింది మా అమ్మాయి గది. దానికి ఊదా రంగే కావాలి. గోడలు, తలుపు లోపలివైపు అన్నీ ఊదా. వారం రోజులు వాదించి ఒప్పుకున్నాను, ఒక షరతు మీద: బల్బు, హ్యాండిల్స్, కర్టెన్ బట్ట ఇంటివే ఉండాలి. ఆ మూడింటితోనే ఆ గది ఇంట్లో కలిసిపోయింది. తలుపు అంచుకి ఏ రంగు వేయాలన్న దగ్గర మళ్లీ గొడవ. దానికి రంగులు వేసేవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటుందో గడియ ఉన్న అంచుకి ఆ గది రంగు, బందులున్న అంచుకి అవతలివైపు రంగు. ఆ తలుపు దాని గదిలోకే తెరుచుకుంటుంది. కాబట్టి గడియ అంచు ఊదా, బందుల అంచు మా తెలుపు. దాన్ని పిలిచి చూపిస్తే, "ఇది ఎనిమిదోది కాదు కదా అమ్మా?" అని అట్టముక్క తెచ్చి పక్కన పెట్టి మరీ చూసింది.